ఫార్మాట్ మాట ఆఖరున

అప్‌గ్రేడ్ తర్వాత కంప్యూటర్ లేవకపోతే మన ఊళ్లలో మొట్టమొదట వినపడేది ఒకటే మాట: "ఫార్మాట్ కొట్టేద్దాం." ఆ మాట వింటే నా గుండె గుభేలుమంటుంది. పోయేది విండోస్ ఒక్కటే అయితే బాధ లేదు. పిల్లల మార్కుల మెమోలు, పెళ్లి ఫొటోలు, షాపు లెక్కలు, మరెక్కడా కాపీ లేనివన్నీ దాంతోపాటే పోతాయి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి ఉచిత అప్‌డేట్ల గడువు ముగిసింది. అప్పటిదాకా వాయిదా వేస్తూ వచ్చినవాళ్లు చాలామంది 11కి మారారు. మా వీధి మలుపులో జిరాక్స్ షాపు పెట్టుకున్న కుర్రాడు కూడా ఒక రాత్రి అప్‌గ్రేడ్ పెట్టి షట్టర్ దించి వెళ్లాడు. పొద్దున వచ్చి చూస్తే కంపెనీ లోగో, కింద గుండ్రంగా తిరిగే చుక్కలు, కాసేపటికి ఉత్త నల్లటి తెర. "స్కాలర్‌షిప్ అప్లికేషన్ల సీజను అన్నా, జనం నిలబడున్నారు. ఫార్మాట్‌కి ఇచ్చేయమంటావా?" అన్నాడు.

బస్సు రాకపోతే ఏ స్టేజీలో ఆగిందని అడుగుతాం కదా, ఇక్కడా అదే అడగాలి. స్విచ్ వేయగానే ముందు మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ మెమరీనీ కీబోర్డునీ డిస్కునీ పలకరిస్తుంది. తర్వాత బూట్ మేనేజరు విండోస్‌ని పిలుస్తుంది, అది డ్రైవర్లను ఎక్కించుకుంటుంది, అప్పుడు లాగిన్ తెర. లోగో కూడా పడకపోతే అప్‌గ్రేడ్ మీద అనుమానం తర్వాత, ముందు తీగలూ ర్యామూ చూడాలి. బూట్ అయ్యే డిస్కు లేదంటే వెనకాల గుచ్చి మరిచిపోయిన పెన్‌డ్రైవ్ తీసి చూడాలి. చుక్కలు తిరిగి ఆగిందంటే చాలాసార్లు పేచీ పాత డ్రైవర్లతోనే. అయితే తెర మీద శాతం అంకె పెరుగుతున్నంతసేపూ, ఎంత ఆలస్యమైనా, పవర్ బటన్ ముట్టుకోకూడదు.

షాపులో ప్రింటర్లు, స్కానర్, వేలిముద్రల మెషీను అన్నీ పీకించాను. అయినా లేవలేదు. విండోస్ వరసగా లేవలేకపోతే రిపేరు తెర దానంతటదే తెరుచుకుంటుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ దాటి స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే సేఫ్ మోడ్ ఉంటుంది. అక్కడికి వెళ్లబోతే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడిగింది. కుర్రాడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. డిస్కుకి తాళం వేసి ఉందన్న సంగతే అతనికి తెలియదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెట్టిన చాలా కొత్త మెషీన్లలో ఆ తాళం దానంతటదే పడుతుంది, కీ కూడా ఆ అకౌంట్‌లోనే చేరుతుంది. అకౌంట్ వాళ్లన్నయ్యది. ఆయనకు ఫోన్ చేసి, తెర మీది కీ ఐడీతో సరిపోల్చి, ఆరేసి అంకెల చొప్పున చెప్పించుకుని కొట్టాం.

సేఫ్ మోడ్ వచ్చింది. నల్లటి డెస్క్‌టాప్, నాలుగు మూలలా ఆ పేరు, దిమ్మల్లాంటి ఐకాన్లు. అందం లేకపోయినా నాకు ప్రాణం లేచొచ్చింది. అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే నడిచే ఆ స్థితిలో మెషీన్ లేచిందంటే డిస్కూ ఫైళ్లూ క్షేమంగా ఉన్నట్టే లెక్క. పాత డిస్‌ప్లే డ్రైవర్ తీసేసి రీస్టార్ట్ చేస్తే లాగిన్ తెర పడింది. ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇదీ కుదరకపోతే పాత విండోస్‌కి వెనక్కి వెళ్లే దారి ఉంది. మామూలుగా 10 రోజులే గడువు. ఈలోగా విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌ని జాగా కోసం చెరిపేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఫైళ్లు ఉంచి విండోస్‌ని మాత్రం కొత్తగా వేసే రీసెట్ దాని తర్వాతి మాట. ఫార్మాట్ అన్నిటికన్నా చివర, అదీ డిస్కులోని ఫైళ్లు మరోచోటికి కాపీ అయ్యాకే.

రిపేరు షాపుల తమ్ముళ్లకు నా మనవి ఒకటే. మెషీన్ చేతికి రాగానే "ఇందులో మీకు కావలసినవి ఏమున్నాయి?" అని అడగండి. ఇంట్లో అప్‌గ్రేడ్ పెట్టబోతున్నవాళ్లు ముందు ఫైళ్లు ఇంకోచోట కాపీ పెట్టుకోండి. ఆ 48 అంకెలూ కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో దాచండి. ఆ కీ పోతే లోపలున్నది తీసివ్వడం మైక్రోసాఫ్ట్ వల్ల కూడా కాదు.