మార్కుల పక్కన హాజరు



మాది పెనుగంచిప్రోలు. నా ఐదో తరగతిలో సంక్రాంతి దాటాక అమ్మ మిరప కోతలకెళ్తే, తమ్ముణ్ణి ఆడిస్తూ గట్టు మీద నేనున్నాను. ఇరవై రోజులు బడి లేదు. దశాంశాలు చెప్పింది అప్పుడే. పరీక్షలో అవే తప్పాను. "మీవాళ్లకి లెక్కలు రావురా" అన్నాడు సారు. హాజరు పట్టీ ఆయన చేతిలోనే ఉంది.

2021 నవంబర్ 12న 3, 5, 8, 10 తరగతులకు నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే పరీక్ష జరిగింది. ఎస్సీ పిల్లల సగటు విడిగా అచ్చేశారు. వేయాల్సిందే, తేడా దాచొద్దు. కానీ ఆ సగటు పక్కనే మా పిల్లలు బడికి దూరమైన రోజులూ వేయండి. లేకుంటే అది సారు మాటే, సర్కారు ముద్రతో.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ కోతలకి మన పేటలో ఎవరు ఎన్నాళ్లు బడి మానారో రాసిపెట్టండి. మార్కులొచ్చిన రోజు ఆ కాయితం పట్టుకుని అడుగుదాం.