గుప్పెడు తెర – గుణదోషాలు

ఎం.ఏ.లో తెలుగు చదివిన వాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. ఏ వస్తువు చేతికిచ్చినా, ముందు దానిలో గుణమేమిటి, దోషమేమిటి అని వెతుకుతారు. అది ఉత్పలమాల అయినా సరే, ఉప్మా అయినా సరే! మా ఆవిడ ఈ జబ్బుతో పదహారేళ్ళుగా కాపురం చేస్తున్నది. ఈమధ్య నా విచారణకు దొరికినది కావ్యమూ కాదు, వంటకమూ కాదు, ఒక ఆట. పేరు సూపర్ మేరియో ల్యాండ్.

అది మా ఇంటికి వచ్చిన వైనం రెండు ముక్కల్లో చెబుతాను. నా చిన్నతనంలో మా మేనమామ సింగపూరులో ఉద్యోగం చేసేవాడు. ఒకసారి సెలవుకు వస్తూ గేమ్ బాయ్ అనే చేతియంత్రం, దానితో రెండు ఆటలు తెచ్చి ఇచ్చాడు. తరువాత చాలా ఏళ్ళు అది అటకమీద ట్రంకుపెట్టెలో నిద్రపోయింది. మొన్న వేసవి సెలవుల్లో మా అమ్మాయి దాన్ని లేపింది. పన్నెండేళ్ళ పిల్ల. ఫోనులో ఆటలు కావాలని అది, కూడదని వాళ్ళమ్మ – నెల్లాళ్ళుగా తల్లీకూతుళ్ళ మధ్య మాటలు పొదుపుగా నడుస్తున్న రోజులవి. "పోనీ, ఇదన్నా ఆడుకోనిస్తారా?" అన్నది. వాళ్ళమ్మ నాకేసి చూసింది. తీర్పు నా నెత్తిన పడింది.

ముందు కర్తల సంగతి. 1989లో జపానులో నింటెండో వారు గేమ్ బాయ్‌ను విడుదల చేసిన రోజునే ఈ ఆటా వెలువడింది. నిర్మాత గున్‌పెయ్ యొకోయి, దర్శకుడు సతోరు ఒకాడా. యొకోయి సిద్ధాంతం మన గృహిణులకు కొత్త కాదు. బాగా పాతబడి చవకైన సరుకునే కొత్త తెలివితో వాడుకోవాలన్నాడాయన. మిగిలిన అన్నాన్ని పొద్దున్నే పులిహోర చేయడం లాంటిదన్న మాట. అందుకే ఆ యంత్రంలో రంగులు లేవు. ఉన్నవి నాలుగు ఛాయలే. తెరమీద అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు, అంతే. నాలుగు పెన్సిలు సెల్లులు వేస్తే గంటల తరబడి నడుస్తుంది.

కథ చిన్నది. దేశం పేరు సరసాలాండ్. పేరుకు తగ్గ సరసం మాత్రం అక్కడ కనపడదు. టటాంగా అనే గ్రహాంతరవాసి రాకుమారి డైసీని ఎత్తుకుపోతాడు. మీసాల మేరియో పరుగెత్తి, దుమికి, ఆమెను విడిపించాలి. నాలుగు రాజ్యాలు, రాజ్యానికి మూడేసి ఘట్టాలు, వెరసి పన్నెండు. ఒకచోట ఈజిప్టు పిరమిడ్లు, మరొకచోట ఈస్టరు ద్వీపపు రాతితలలు. ఒక ఘట్టంలో జలాంతర్గామి, చివరి ఘట్టంలో విమానం. నడుమ మూడుసార్లు రాకుమారి ఎదురవుతుంది, మూడుసార్లూ మాయే! మాయలేడిని ఎరిగిన మనకు ఆ కిటుకు తెలియనిదా? హిరోకాజు తనాకా కూర్చిన సంగీతం మాత్రం నిజంగా గుణమే. నక్షత్రం చేజిక్కితే, 1858 నాటి ఓఫెన్‌బాక్ గేయనాటకంలోని నాట్యగతి మోగుతుంది. వంటింట్లో మా ఆవిడ గరిటె దానికి తాళం వేయడం నేను చెవులారా విన్నాను.

ఇక దోషాలు. మేరియో చీమంత ఉంటాడు. తెరకు సొంత వెలుగు లేదు; పరుగెత్తినప్పుడు బొమ్మ అలుక్కుపోతుంది. దాటి వచ్చిన దారి వెనక్కు జరగదు. వదిలేసిన నాణెం వదిలేసినట్టే. తాబేలును తొక్కితే దాని డిప్ప బాంబై పేలుతుంది. మేరియో పాత ఆటలో డిప్పను తన్నడం అలవాటైనవాడు ఇక్కడ నష్టపోతాడు. చేయి తిరిగినవాడికి ఆట గంటలోపే పూర్తి అవుతుంది. అన్నిటికన్నా పెద్ద దోషం, దీనికి జ్ఞాపకం లేదు. మీట ఆపితే మళ్ళీ మొదటికే.

ఈ దోషం ఒక రాత్రి మమ్మల్ని బాగా ఏడిపించింది. అమ్మాయి మొట్టమొదటిసారి విమానం ఎక్కిన ఘట్టంలో సెల్లులు అయిపోయినవి. తెర నెమ్మదిగా వెలవెలబోయి ఆరిపోయింది. పిల్ల అన్నం తినలేదు. "ఈ దిక్కుమాలిన డబ్బాను అటకెక్కించండి" అన్నది మా ఆవిడ.

ఎక్కించేవాడినే. కాని మామయ్య తెచ్చిన రెండో ఆట గుర్తుకు వచ్చింది. అది 1992లో వచ్చినది. ఆరు బంగారు నాణేల కథ. బొమ్మ పెద్దది, దారి వెనక్కూ నడుస్తుంది, ఆపినచోటు గుర్తుంటుంది. అన్నీ గుణాలే! అయితే ఆ గుర్తును నిలిపేది లోపల ఉన్న చిన్న బ్యాటరీ. పెట్టి చూశాము. బ్యాటరీ ఏనాడో కాలం చేసింది. నేను కుర్రతనంలో కూడబెట్టిన నాణేలన్నీ దానితోపాటే పోయినవి. జ్ఞాపకమే లేని మొదటి ఆట మాత్రం పోగొట్టుకునేది ఏమీ లేక, ఆనాడు ఎలా ఉన్నదో ఈనాడూ అలాగే నడుస్తున్నది.

మన ఆలంకారికులు దీన్ని ఏనాడో కనిపెట్టారు. కొన్ని దోషాలు నిత్యాలు, కొన్ని అనిత్యాలు అన్నారు. శృంగారంలో దోషమైన పరుష శబ్దమే రౌద్రంలో గుణం. ఆ లెక్కన ఆట పొట్టిగా ఉండటం దోషమా? ఎంత ఆడినా ముగింపు లేక, మధ్యమధ్య డబ్బడిగే ఫోను ఆటల పక్కన పెట్టి చూడండి!

అంచేత తీర్పు ఇలా చెప్పాను: ఆడవచ్చు, పగటి వెలుతురులో, వసారాలో కూర్చుని, ఆరంభించే ముందు కొత్త సెల్లులు వేసుకుని. మా ఆవిడ ఒక షరతు చేర్చింది – సెల్లుల ఖర్చు నాది.

నాలుగు రోజుల తరువాత ఒక సాయంత్రం అమ్మాయి లోపలికి వచ్చి, "అయిపోయింది నాన్నా" అని యంత్రాన్ని బల్లమీద పెట్టింది. గెలిచానని కాదు, అయిపోయిందని. తరువాత వంటింట్లోకి వెళ్ళి వాళ్ళమ్మకు రాకుమారి కథంతా మొదటినుంచి చెప్పింది. నెల్లాళ్ళ తరువాత అంతసేపు వాళ్ళిద్దరి గొంతులు కలిసి వినపడటం అదే.

ఆట పూర్తి చేసినవాళ్ళకు, శత్రువులు ఎక్కువైన మరో కఠినమైన ఆవృత్తి ఉంటుంది. ఆ సంగతి అమ్మాయికి నేనింకా చెప్పలేదు. సెల్లుల ఖర్చు నాది గదా!