పౌడర్ కోటింగ్: ముందు ఊపిరి, ఆ తరువాతే మెరుపు

బిచ్కుందలో మోటారుసైకిల్ విడిభాగాలకు ఇంటివద్దే పౌడర్ కోటింగ్ వేయదలచిన పాఠకులకు ఒక హెచ్చరిక. రంగుపొడి సుమారు 180–200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగి గట్టిపడుతుంది. అందుకు వాడిన ఓవెన్‌లో మళ్లీ ఆహారం వండరాదు.

అసలు ప్రమాదం అంతకుముందే ఉంది. పాత రంగు తొలగించడానికి మంజీరా ఇసుకను గాలి ఒత్తిడితో చిమ్మితే రేణువులు పగిలి, సన్నని సిలికా ధూళి లేస్తుంది. అది ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ కలిగిస్తుంది. ఈ వ్యాధి నయం కాదు. క్షయ ముప్పునూ పెంచుతుంది. రుమాలు కట్టుకుంటే ఆ ధూళి ఆగదు. పోత వస్తువులను ఇసుక చిమ్మి శుభ్రపరచడాన్ని బ్రిటన్ 1949 నాటి నిబంధనలతోనే నిషేధించింది.

కనుక వాటర్ పేపర్‌ను తడిపి రుద్దండి. పొడి చల్లేటప్పుడు ఎన్95 మాస్కు, కళ్లద్దాలు ధరించండి. గాలిలో తేలే పొడి నిప్పురవ్వకు భగ్గుమంటుంది. దరిదాపుల్లో మంట ఉండనీయకండి. చక్రానికి మళ్లీ రంగు వేయవచ్చు. ఊపిరితిత్తులకు ఆ అవకాశం లేదు.