పేరు లేని పేచీలు

ఆలుమగల కలహం అన్నం తినేదాకానే అని మన పెద్దలు సెలవిచ్చారు. అన్నం తింటూండగానే కలహం పుడితే దానిని ఏమనాలో మాత్రం చెప్పలేదు. తెలుగు బోధించుకుని బ్రతుకుతున్న మాకు ఈ లోటు చాలాకాలంగా మనసులో ఉన్నది.

కలహానికి మన భాషలో మాటల కొరత లేదు. తగువు, కీచులాట, రగడ, పేచీ, తకరారు. చివరి రెండూ మన ఉర్దూ గుమ్మం దాటి వచ్చినవే. ఫారసీలో ‘పేచ్’ అంటే మెలిక. అరబ్బీలో ‘తక్రార్’ అంటే చెప్పినదే మళ్ళీ చెప్పుట. జమ, ఖర్చు, బాకీ, వసూలు, కిస్తీ అనే డబ్బు మాటలూ ఆ గుమ్మం దాటి వచ్చినవే. అయినా పైకి ఉప్పు గురించీ, లోపల రొక్కం గురించీ సాగే పోట్లాటకు మేమెరిగిన రెండు భాషలలోనూ పేరు లేదు. ఉర్దూలో ‘నోక్‌ఝోంక్’ అన్న ముద్దుమాట కలదు గాని, అందులో డబ్బు ఊసు లేదు.

భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల నోటి మాటలు సేకరింపజేసి, 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం వెలువరించారు. సంసారమూ ఒక వృత్తే గదా, దానికి మాత్రం పదకోశం ఎందుకుండరాదని తలచి మేము రెండు మాటలు కల్పించాము.

మొదటిది ‘నెలాఖరరుచి’. నెలాఖరు, అరుచి, ఉత్వసంధి. మొదటి వారంలో కమ్మగా ఉన్న పప్పు 25వ తేదీ దాటగానే చప్పబడిపోవుట దీని లక్షణం. 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన మా చీడికాడ చెరకు పండే సీమ. అక్కడ దీనికి నెలతో పనిలేదు. మా చిన్నతనంలో చెరకు తోలిన తరువాత డబ్బు చేతికి వచ్చేదాకా ఇరుగుపొరుగు ఇళ్ళలో కూరకు ఉప్పు ఎక్కువో తక్కువో అవుతూనే ఉండేది. డబ్బు వచ్చిననాడు ఆ కూరే అమృతం.

రెండవది ‘మీటపేచీ’. దీనికి ఉదాహరణ మేమే. వరండాలో దీపం వృథాగా వెలుగుతున్నదని ఒక రాత్రి మా శ్రీమతిపై కేకలు వేశాము. మా ఇంట మాట్లాడేది ఉర్దూ, పోట్లాడేది తెలుగు.

“ఆ దీపానికి ఎంతవుతుందండీ?” అని ఆమె అడిగింది.

లెక్క చెప్పలేకపోయాము. అసలు లెక్క వేరే ఉన్నది. మా తమ్ముడి అప్పుకు మేము హామీ సంతకం చేశాము. అతడు కట్టలేకపోగా 8 నెలలుగా మా జీతంలోంచే కిస్తీ పోతున్నది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. తరిగిన జీతంతో ఇల్లు గడవక, పిల్లవాడి ఫీజు కోసం ఆమె తన గాజులు కుదువపెట్టింది. ఆ సంగతి ఆమె మాకు చెప్పలేదు. ఆ రాత్రి ఆ దీపం క్రిందనే ఇద్దరమూ చెప్పుకున్నాము.

చెప్పుకున్న పిమ్మట మాకు సిగ్గు వేసింది. నికాహ్ నాడు మెహర్ ఇంతని సాక్షుల ఎదుట పలికి, కాగితంపై వ్రాసి, సంతకం చేసినవారమే మేము. పదిమందిలో డబ్బు మాట పలకడానికి సంకోచించని నోరు, నాలుగు గోడల మధ్య 11 ఏళ్ళు మూతపడి ఉన్నది.

మరునాడు మా పదకోశాన్ని ఆమెకు చూపించాము. చదివి నవ్వి, ‘మీటపేచీ’ని కొట్టివేసి, ‘చీకటిపద్దు’ అని వ్రాసింది. ఎం.ఏ. పట్టా మాది, మాట ఆమెది.

విద్యార్థినీ విద్యార్థులారా, రేపు మీరూ సంసారులవుతారు. ఉప్పు గురించి గొంతు లేచినప్పుడు ఒక్క క్షణం ఆగి, పద్దుల పుస్తకం తెరిచి ఇద్దరూ చూడండి. ఇప్పుడు ప్రతి నెలా మొదటి తేదీన మేమిద్దరమూ ఒకే పుస్తకంలో జమాఖర్చులు వ్రాసుకుంటున్నాము. అప్పు ఇంకా తీరలేదు, గాజులు ఇంకా ఇంటికి రాలేదు. వరండాలో దీపం మాత్రం వెలుగుతూనే ఉన్నది.