గోడకంటే ముందు నేల

సుల్తాన్ బజార్‌లో చీరల దుకాణాల షట్టర్లు లేవకముందే మేం కోఠి మహిళా కళాశాల గేటు దాటేవాళ్లం. బయట బస్సుల రొద. లోపల నాలుగడుగులు వేస్తే చెట్లు, వాటి వెనక ఆరు కొరింథియన్ స్తంభాలతో పాత బ్రిటిష్ రెసిడెన్సీ. ముప్పై ఏళ్లుగా డంగు సున్నం పనిలో ఉన్నాను. నాకు ఇన్ని నేర్పిన కట్టడం మరొకటి లేదు.

జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉన్నప్పుడు, 1803లో దీని పని మొదలైంది. నక్షా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. రూపం సీమది, నిలబెట్టిన సున్నం మనది. దర్బారు హాలు పైకప్పుకు కాగితపు గుజ్జుతో అలంకారం చేసి రంగులేశారు. పైన గచ్చులో వెంట్రుకంత పగులున్నా వాన నీళ్లు ముందు దిగేది ఆ బొమ్మల్లోకే. అందుకే చిత్రకారుడి పనీ మా పనీ వేరని నేనెప్పుడూ అనుకోలేదు.

పని నేర్చుకునే రోజుల్లో పాతబస్తీలో ఒక దేవిడీ గోడకు, తొందరగా అయిపోతుందని, సిమెంటు కొట్టాను. రెండు వానాకాలాలు గడిచేసరికి అది పెచ్చులుగా ఊడింది, పాత ఇటుక పైపొరను కూడా లాక్కుని. మా పెద్ద మేస్త్రీ నన్ను తిట్టలేదు. ఊడిన పెచ్చు నా చేతిలో పెట్టి, "గోడ నీళ్లు తాగుతది, మళ్ల ఆరుతది బిడ్డా. నువ్వు దాని నోరు మూసినవ్" అన్నాడు.

అప్పటినుంచి పని దగ్గర నాది ఒకటే వరస. ముందు గోడ చుట్టూ నేల చూస్తాను. పూలమడులకని పోసిన మట్టి గోడ పాదం మీదికి ఎక్కిందా, వాన నీరు ఎటు పోతోంది, వేర్లు ఎక్కడిదాకా వచ్చాయి. నీరు నిలిస్తే గోడ పైకి పీల్చుకుంటుంది, ఉప్పు పూస్తుంది, పూత పొడిపొడిగా రాలుతుంది. ఆ తర్వాతే వేలి కణుపుతో తడతాను. డొల్లగా మోగిన చోట పూత విప్పాలి. నానబెట్టిన సున్నం, ఇసుక, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి నూరాలి. తాపీ మీద ముద్ద పెట్టి తలకిందులు చేస్తే జారకూడదు. జారిందంటే ఇంకా నూరాలి, ఎవరు ఎంత తొందరపెట్టినా.

వెనక తోటలో ఇదే భవనానికి చిన్న నమూనా ఉంది. పరదాలో ఉండే తన భార్య ఖైరున్నిసా బేగం ముందు వైపుకు వచ్చి చూడలేదు కాబట్టి కిర్క్‌పాట్రిక్ దాన్ని కట్టించాడని చెప్పుకుంటారు. ఆమె ఉన్న రంగమహల్ ఇప్పుడు లేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక నేను ఆ నమూనా దగ్గరే కూర్చునేవాణ్ణి. తోటలోంచి చూస్తేనే ఆ ఇంటి కొలత నాకు అర్థమైంది. చెట్లు తీసేసి ఆ స్తంభాలను ఊహించుకోలేను.

1949 నుంచి అక్కడ ఆడపిల్లలు చదువుకుంటున్నారు. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అనే సంస్థ ఆ భవనాన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వ కట్టడాల 2002 జాబితాలో చేర్చింది, తర్వాత బాగు చేసే పని నడిచింది.

పెద్ద వాన పడ్డ మర్నాడు ఇప్పటికీ ఆ వైపు వెళ్తాను. గోడ పాదం దగ్గర అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచుతాను. చల్లగా తగులుతుంది. రెండు రోజులాగి మళ్లీ వెళ్లి, అదే చోట చెయ్యి పెడతాను.