ఏడుపు మాట, ఆట దరువు

‘మౌంటెన్ గోట్స్’ అనే అమెరికా బృందం 2005లో ‘ద సన్‌సెట్ ట్రీ’ అనే ఆల్బమ్ తెచ్చింది. పాటలు రాసి పాడింది జాన్ డార్నియెల్. చిన్నప్పుడు తనను కొట్టిన మారుతండ్రి గురించే అందులో ఎక్కువ పాటలు. మాటలు వింటే కడుపులో దేవినట్టుంటుంది. గిటారు, పియానో మాత్రం పరుగులు పెడతాయి. మన కాలు దానంతటదే ఆడుతుంది.

‘డాన్స్ మ్యూజిక్’ అనే పాటలో ఐదారేళ్ల పిల్లాడుంటాడు. మారుతండ్రి కేకలేస్తూ తల్లి మీదికి గ్లాసు విసురుతాడు. పిల్లాడు మేడ మీదికి పరిగెత్తి, తన చిన్న రికార్డు ప్లేయర్ పెట్టుకుని దానికి దగ్గరగా వంగి కూర్చుంటాడు. ఆ హుషారు వరస ఎందుకో అక్కడ అర్థమవుతుంది. అది కింది అరుపులకు అడ్డంగా పిల్లాడు కట్టుకున్న దడి.

ఆల్బమ్ పేరు శామ్యూల్ బట్లర్ నవల ‘ద వే ఆఫ్ ఆల్ ఫ్లెష్’లోంచి వచ్చింది. అందులో చిన్నపిల్లాడొకడు భక్తిగీతం పాడుతూ ‘క’ పలకలేక ‘ట’ అంటాడు. అంతమాత్రానికే తండ్రి కొడతాడు. ఆ గీతంలోని చెట్టే ఈ చెట్టు.

ఈ సంగతి నాకు పరాయిది కాదు. మా కోయలో నీళ్లను ఏరు అంటాం. ఒకటో తరగతిలో దాహమేసి ‘ఏరు’ అన్నాను. బడి వదిలి ఏటికి పోతానంటున్నాననుకుని సారు అరచేతుల మీద రెండు దెబ్బలు వేశారు. ఆ రాత్రి హాస్టల్లో పెద్దపిల్లలు కంచాల మీద దరువేసి రేల పాట ఎత్తుకున్నారు. చేతులు మండుతున్నా నేనూ గొంతు కలిపాను.

రేల ఆటలో ఆడవాళ్లు చేతులు పెనవేసుకుని వరసగా అడుగేస్తారు. ఒకరు ఎత్తితే మిగతావాళ్లు అందుకుంటారు. పెళ్లిలో పాడే వరసలోనే మా అత్త పోలవరం ముంపు మీద పాట కట్టింది. శబరి ఒడ్డున ఇల్లు, ఇప్పచెట్టు, పెద్దల రాళ్లు, వీటిలో ఏది మోసుకుపోవాలని అడుగుతుంది ఆ పాట. “కూర్చుని పాడితే సగంలో ఏడుపొస్తది. ఆడతా పాడితే చివరిదాకా పాడతాం” అంటుంది అత్త.

ఒక ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవ సభలో ఈ పాటే పాడారు. వేదిక మీది పెద్దలు చప్పట్లు కొట్టారు. ఒకాయన దిగొచ్చి, కొమ్ముల తలపాగా పెట్టుకుని, అడుగు కలిపి ఫొటోలు దిగాడు. ఊరు మునిగిన పాటకు ఆడుతున్నానని ఆయనకు తెలియదు.

డార్నియెల్ పాట వినేవాళ్లకు ఆ భాష వస్తుంది. కాలు ఆడిన కాసేపటికి మాట తగులుతుంది. మా పాట వినేవాళ్లు దరువు దగ్గరే ఆగిపోతున్నారు. బాధపడుతూ ఆడేవాళ్లను చూసి, వీళ్లెంత సంతోషంగా ఉన్నారో అనుకుని వెళ్లిపోతున్నారు.

అందుకే అత్త పాటల్ని కోయలోనే, తెలుగు అక్షరాల్లో రాసి కింద అర్థం రాస్తున్నాను. ఇప్పటికి పదకొండయ్యాయి. ఈసారి సభలో ఆట మొదలయ్యే ముందు ఆ అర్థం మైకులో చదవనివ్వమని అడిగాను. దరువు తగ్గించడానికి మాత్రం అత్త ఒప్పుకోదు. నేనూ అడగను.