ఇరవై ఏళ్ళు ఆలస్యమైన జవాబు

చాలాకాలం తరువాత ఈ పుట దుమ్ము దులిపి ఒక టపా వ్రాస్తున్నాను. కూడలిలో కొత్త టపాల కోసం గంటకొకసారి తొంగిచూసిన ఆనాటి మిత్రులు ఒకరిద్దరైనా ఇటు వస్తారని ఆశ. (రాకపోయినా చింత లేదు. నా టపాకు మొదటి చదువరిని ఎప్పుడూ నేనే.)

విషయం ప్రోగ్రామింగు. నవ్వకండి. ముప్పైయేళ్ళకు పైబడి సంధులూ సమాసాలూ చెప్పి పదవీవిరమణ చేసిన తెలుగు పండితుడికి ప్రోగ్రామింగుతో ఏమి పని అని మా ఇంట్లో కూడా అడిగారు. నేను ప్రోగ్రాము వ్రాసినవాణ్ణి కాను. అయితే ప్రోగ్రాములు వ్రాసేవారు ఒకరినొకరు ఎలా ప్రశ్నించుకుంటారో, ఎలా జవాబులు చెప్పుకుంటారో ఒక శిష్యుని పుణ్యమా అని దగ్గరగా చూశాను. చూసిన తరువాత నా ఉపాధ్యాయ జీవితంలో నేను చేసిన ఒక తప్పు నాకు స్పష్టంగా కనిపించింది.

1999 ప్రాంతపు మాట. యానానికీ ఎదుర్లంకకూ నడుమ వంతెన ఇంకా రాలేదు. గౌతమి దాటాలంటే పంటు ఎక్కవలసిందే. అవతలి ఒడ్డు నుండి రోజూ ఏరు దాటి వచ్చే ఒక కుర్రవాడు ఎనిమిదో తరగతిలో ఉండేవాడు. ఒకనాడు పాఠం మధ్యలో లేచి నిలబడ్డాడు.

"మాస్టారండీ, జకారానికి ఞ వత్తు ఇస్తే జ్ఞ కదండీ. మరి జ్ఞానం అని వ్రాసి, చదివేటప్పుడు గకారం పలుకుతున్నామేంటండీ?"

తరగతి గొల్లుమంది. నేను నవ్వలేదు. అంతకంటే చెడ్డపని చేశాను. "పెద్దలు అలా పలికారు, నువ్వూ అలాగే పలుకు. తెలివితేటలు చాలించి కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. ఆ సంవత్సరమంతా మళ్ళీ ఒక్క ప్రశ్న అడగలేదు. అసలు సంగతి ఏమిటంటే, దానికి జవాబు నాకు తెలియదు. తెలియదని చెప్పడం చేతకాక గద్దించాను.

కాలం తిరగబడుతుంది. 2007లో ప్రశ్న అడిగేవాడి స్థానంలో నేను నిలబడ్డాను. మా ఇంటికి ఎక్స్‌పీ కంప్యూటరు వచ్చింది. తెలుగు పుటలు తెరిస్తే అక్షరాల బదులు పెట్టెలు. తెలుగు బ్లాగర్ల గుంపుకు వినయంగా ఒక జాబు పంపాను: "అయ్యా, నా కంప్యూటరులో తెలుగు సరిగా రావడం లేదు. సాయం చేయగలరు." ఎవరో ఒక యువకుడు నా జాబుకు జవాబు ఇవ్వకుండా నాకే ప్రశ్నలు వేశాడు. ఏ విండోస్? ఏ బ్రౌజరు? కనిపించేవి పెట్టెలా, లేక అక్షరాలు వచ్చి వత్తులు విడివిడిగా పడుతున్నాయా? ఈ చివరి ప్రశ్న నాకు తిక్కగా తోచింది. సరిగా రానిది ఎలా రాకపోతే ఏమి?

తేడా ఉన్నదట. పెట్టెలు వస్తే ఫాంటు లేనట్టు. వత్తులు చెదిరితే ఫాంటు ఉండి, అక్షరాలను కూర్చే యంత్రాంగం లేనట్టు. రెండు రోగాలు, లక్షణాలు వేరు. కంట్రోల్ పానెల్‌లో ప్రాంతీయ భాషల అమరికలోకి వెళ్ళి, సంక్లిష్ట లిపులకు సంబంధించిన గడిలో టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేయమన్నాడు. వేశాను. కంప్యూటరు ఆరి వెలిగేసరికి తెర నిండా తెలుగు. ఆ ఫాంటు పేరు చూసి కళ్ళు చెమర్చాయి. గౌతమి! పుట్టిన నాటినుండీ ఆ నది ఒడ్డున ఉన్నవాడికి ఆ పేరుగల అక్షరాలు అంత దూరం తిరిగి వచ్చాయి. మీలో చాలామందికి ఇటువంటి కథే ఉండి ఉంటుంది.

ఆ యువకుని జవాబులో నన్ను ఆకట్టుకున్నది మరొకటి. జవాబును నాకు మాత్రమే పంపలేదు, గుంపుకు పంపాడు. ఆ తరువాత అదే కష్టం వచ్చిన ప్రతివారికీ ఆ పాత జాబునే చూపించారు. అడిగింది నేనైనా, జవాబు నా ఒక్కడిదీ కాలేదు.

ఇక 2018 ఫిబ్రవరి. ఒక సాయంత్రం ఫోను మోగింది. "మాస్టారండీ, నేనండీ, ఎదుర్లంక నుంచి పంటు మీద వచ్చేవాణ్ణండీ" అన్నాడు. ఇప్పుడు హైదరాబాదులో ప్రోగ్రామర్‌ట. కుశలప్రశ్నలు అయ్యాక అసలు మాటకు వచ్చాడు.

"మీరు మళ్ళీ జ్ఞ గురించి చెప్పాలండీ."

నా గుండె ఒక్కసారి ఆగినంత పని అయింది. వాడు మరచిపోలేదన్నమాట. అయితే వాడు ఫోను చేసిన కారణం వేరు. ఆ వారమంతా ప్రపంచమంతటా ఐఫోన్లు ఒక తెలుగు అక్షరం చూసి కుప్పకూలుతున్నాయని పత్రికలు వ్రాస్తున్నాయి. ఆ అక్షరం జ్ఞా. ఎవరైనా దానిని సందేశంలో పంపితే, తెరిచినవారి ఆప్ మూతపడుతోంది. దేశదేశాల ప్రోగ్రామర్లు తమ వేదికల మీద అడుగుతున్నారు: ఇది ఒక అక్షరమా, రెండా, మూడా? ఇందులో అంత కష్టం ఏమున్నది?

యూనికోడు లెక్కలో జ్ఞా నాలుగు ముక్కలు: జ, పొల్లు, ఞ, ఆకారపు గుణింతం. ఫోనులను పడగొట్టిన వరుసలో ఐదోది ఒకటి ఉన్నది. ఞకారానికీ గుణింతానికీ నడుమ కంటికి కనిపించని ఒక గుర్తు. మనం 'సాఫ్ట్‌వేర్' అని వ్రాసేటప్పుడు వకారం వత్తుగా మారి టకారం కిందికి పోకుండా అడ్డు నిలిపేది అదే. దానికి పొల్లు తరువాత పని ఉన్నది. ఞకారం తరువాత, గుణింతానికి ముందు, తెలుగు వ్రాసేవాడు ఎవడూ దానిని పెట్టడు.

"అయితే నేరం తెలుగు అక్షరానిది కాదురా" అన్నాను. "రోజూ జ్ఞానం, విజ్ఞానం, ప్రజ్ఞ అని కోట్లమంది వ్రాస్తున్నారు. ఇన్నాళ్ళూ పడని ఫోను ఇప్పుడెందుకు పడుతుంది? చోటు కాని చోట చొరబడినవాణ్ణి పట్టుకో."

నిజానికి అది అంతకుముందే నిపుణులకు తెలుస్తూనే ఉన్నది. మనీష్ గోరేగావ్‌కర్ అనే ప్రోగ్రామర్ బెంగాలీ, దేవనాగరి లిపులలోనూ ఇటువంటి వరుసలు ఉన్నాయని చూపి విపులంగా వ్రాశాడు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదలై ఆ లోపం తీరింది. అయినా పండితుడి మాటకు మావాడు పొంగిపోయాడు. వాళ్ళ వేదికలో జవాబు వ్రాస్తాను, వ్యాకరణం మీరు చెప్పండి అన్నాడు. రెండు రాత్రులు ఫోనులోనే కూర్చున్నాం. వాడి చదువు రోజులలో ఇటువంటి ఒక చోట మొదటి ప్రశ్న అడిగితే, ముందే జవాబున్న ప్రశ్న అని ఒక్క మాటతో మూసేశారట. "మీరు కూర్చోమన్న రోజు గుర్తొచ్చిందండీ" అన్నాడు నవ్వుతూ. నేను నవ్వలేకపోయాను.

వాళ్ళ మర్యాదలు నాకు మొదట వింతగా తోచాయి. 2008లో జెఫ్ ఎట్‌వుడ్, జోయెల్ స్పోల్స్కీ ఆరంభించిన స్టాక్ ఓవర్‌ఫ్లోలో ప్రశ్నకు ముందు నమస్కారం, వెనుక కృతజ్ఞత వ్రాయవద్దంటారు. 'ఉభయకుశలోపరి' లేకుండా ఉత్తరం వ్రాయరాదని నేర్పినవాణ్ణి, నాకు ఎలా ఉంటుందో చూడండి. మన అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగానికే ఒక పృచ్ఛకుడు ఉంటాడు. అక్కడ అప్రస్తుతానికి పీటే లేదు. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వారు బాల్యంలో మసలిన ఊరు మాది. ఆ లోటు నాకు కాస్త ఎక్కువగానే తగిలింది.

అయితే ప్రశ్న అడిగే పద్ధతి మాత్రం నాకు వెంటనే బోధపడింది. ప్రోగ్రాము మొత్తం తెచ్చి పోయవద్దు, తప్పు కనిపించే అతి చిన్న ముక్కను మాత్రం పెట్టు. ఏమి కావాలనుకున్నావు, ఏమి వచ్చింది, నువ్వు ఏమి ప్రయత్నించావు, అవి చెప్పు. ఇది గణవిభజనే! పద్యం కుదరడం లేదని విద్యార్థి శతకమంతా తెస్తే నేను ఏమి చేయగలను? చెడిన పాదం ఒక్కటి తీసి, గురులఘువులు గుర్తించి, ఇక్కడ భగణం రావాలి, జగణం వచ్చింది అని చూపితే, నేను చెప్పకముందే సగం జవాబు వాడికే దొరుకుతుంది. పలుమార్లు మొత్తమే దొరికి, ప్రశ్న అడగకుండానే వెళ్ళిపోతాడు.

ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు వచ్చి పిప్పలాదుని ఆశ్రయిస్తారు. ఆయన ఒక సంవత్సరం నియమంతో ఉండి, ఆ పిమ్మట అడగమంటాడు. ఇది ఉపాధ్యాయులందరికీ ఇష్టమైన భాగం. దాని వెంటనే ఆయన అన్నది మాత్రం మేము దాటవేస్తాం. మాకు తెలిస్తే అంతా చెబుతాం అంటాడు. ఆ 'తెలిస్తే' అనే ఒక్క మాట ఆనాడు తరగతిలో నా నోట వచ్చి ఉంటే ఎంత బాగుండేది!

ఇప్పుడు కాలం మళ్ళీ మారింది. 2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక ప్రోగ్రామర్లు తోటివారిని అడగడం బాగా తగ్గిందని మావాడు చెప్పాడు. యంత్రం విసుక్కోదు, మూసేయదు, కూర్చోమని గద్దించదు. ఆ మేరకు అది నాకంటే నయమే. కానీ ఆ జవాబు అడిగినవాడి గదిలోనే ఉండిపోతుంది. రేపు అదే రాయి తగిలినవాడికి నిన్నటివాడు ఎక్కడ తట్టుకున్నాడో తెలియదు. తెలియదని ఒప్పుకోవడంలో నేను తడబడినట్టే యంత్రమూ తడబడుతుందట. తెలియని చోట కూడా ధీమాగా చెబుతుందట. ఆ ధీమా నాకు బాగా పరిచయమైనదే.

అందుకని, నాయనా, నీ ప్రశ్నకు జవాబు ఇక్కడ పదిమందిలో పెడుతున్నాను. ఫోనులో చెబితే నీకు మాత్రమే చెందుతుంది.

జ్, ఞ్ రెండూ తాలవ్యాలే అయినా వెంటవెంటనే పలకడం నాలుకకు శ్రమ. అందువల్ల ప్రాంతానికొక దారి పడింది. హిందీవారు 'గ్య' అంటారు, మరాఠీవారు 'ద్న్య' అంటారు, మనం 'గ్న్య' అంటాం. వ్రాత మాత్రం సంస్కృత రూపాన్ని నిలుపుకొన్నది. మన తద్భవాలు చూడు: యజ్ఞం జన్నమైంది, ఆజ్ఞ ఆన అయింది, సంజ్ఞ సన్న అయింది, రాజ్ఞి రాణి అయింది. అన్నిటా జ్ఞలోని జకారం జారిపోయి, అనునాసికమే మిగిలింది. పలకలేని జంటను జనం తమకు వీలైనట్టు విడదీసుకున్నారు. నువ్వు అడిగింది తెలివితక్కువ ప్రశ్న కాదు. ఎనిమిదో తరగతిలోనే నువ్వు చెడిన పాదాన్ని సరిగ్గా పట్టుకున్నావు.

దీనికి సవరణలు ఉంటే మిత్రులు వ్యాఖ్యలలో వ్రాయండి. ముందే జవాబున్న ప్రశ్న అనిపిస్తే ఆ జవాబు ఎక్కడున్నదో చూపండి. నమస్కారమూ కృతజ్ఞతలూ వ్రాయడానికి ఇక్కడ అభ్యంతరం లేదు.